జనవరి ఆకు

ఆటగాడు విప్పి పడేసిన మేజోడు చూసి, అతనికి ఏ కాలు నొప్పిగా ఉందో చెప్పగలవాడు పోర్చుగల్ దేశం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. వాడే ఈ కథ చెబుతున్న జెఫెరీను. అంటే నేనే. మా ఊరి క్లబ్బులో నలభై ఒక్క ఏళ్లుగా బట్టల గది నాది. డాక్టర్లు ఫోటోలు తీయించి మర్నాటికి గానీ చెప్పలేని సంగతి నేను బకెట్ ముందు పీట మీద కూర్చునే చెప్పేస్తాను. ఒకసారి ఒక సెంటర్ ఫార్వర్డ్ మేజోడు పట్టుకుని, వీడికి నెల తిరక్కుండా పెళ్లవుతుందన్నాను. ఇరవై మూడో రోజున అయింది. ఈ గొప్ప కాస్త గుర్తుంచుకోండి, దీనితో ముందు పనుంది.

పోయిన వారం కథలో తెల్మోని మనం భోజనాల బల్ల దగ్గర, చెంచా సగం దారిలో ఉండగా వదిలేశాం. మా మేనల్లుడు తెల్మోకి ఇరవై ఏడేళ్లు. మధ్య వరసలో ఆడతాడు, చొక్కా మీద ఆరో నంబరు. పదేళ్ల వయసులో పోర్టోలో పెద్ద అకాడమీ వాళ్లు ఎత్తుకుపోయారు, పదిహేడేళ్లకి పొట్టివాడివని తిప్పి పంపేశారు. ఆ తర్వాత ఏడేళ్లలో ఆరు క్లబ్బులు: అసోరిస్ దీవుల్లో వాన, సైప్రస్‌లో దుమ్ము, రుమేనియాలో మంచు. ఇరవై అయిదో ఏట ఇంటికొచ్చి మా రెండో డివిజన్ క్లబ్బులో చేరాడు. చేరిన ఏడాదికే, జనవరి నెలలో, కుడి మోకాలి నరం పుటుక్కుమంది. తొమ్మిది నెలలు మంచం, కర్రలు, వ్యాయామం. మళ్లీ లేచి ఎలా ఆడాడంటే, రాజధాని క్లబ్బు వాళ్లు వచ్చి మూడు మ్యాచులు చూసి, కాగితాలు పంపారు. సోమవారం పొద్దున లిస్బన్‌లో వైద్య పరీక్ష. అది దాటితే సంతకం. దాటకపోతే ఇరవై ఏడేళ్ల మోకాలికి ఇంకో కబురు రాదు.

శుక్రవారం భోజనం దగ్గర వాళ్లమ్మ, మా చెల్లెలు ఫెలిష్మినా, గిన్నెలోకి పులుసు పోస్తూ తాపీగా చెప్పింది. నీ పేర మొక్కుంది నాయనా, ఆదివారం పండుగ కదా, మంచి ప్రయాణాల మాత గుడి చుట్టూ మోకాళ్ల మీద మూడు చుట్లు తిరిగి వెళ్లు, అని.

మొక్కినది అమ్మ. మోకాళ్లు కొడుకువి. మా తీరంలో మొక్కులు ఇలాగే ఉంటాయి. తనకి జ్వరమొస్తే మొగుడు కొవ్వొత్తి మోయాలి, మొగుడి పడవ ఒడ్డుకి చేరితే కోడలు జుట్టు కత్తిరించుకోవాలి. నా మొదటి పుట్టినరోజుకి మా నానమ్మ నా పేర మొక్కిన కొండెక్కే మొక్కు నాకు అరవై నిండాక గానీ తీరలేదు. ఇప్పటికీ ఆ కొండ ఎక్కడం తల్చుకుంటే ఆయాసం వస్తుంది.

శనివారం మధ్యాహ్నం నేను ఫెలిష్మినా ఇంటికి వెళ్లేసరికి వంటింట్లో యుద్ధం మొదలై చాలా సేపయినట్టుంది. బయట సందులో ఆగస్టు పండుగ డప్పులవాళ్లు సాధన చేస్తున్నారు. కిటికీ అద్దాలు వాళ్ల దెబ్బకి గడగడలాడుతున్నాయి. ఫెలిష్మినా బల్ల మీద క్యాబేజీ ఆకులు చుట్టచుట్టి, పులుసులోకి దారాల్లా తరుగుతోంది. మా క్యాబేజీ బుద్ధిగా బంతిలా ముడుచుకు కూర్చునే రకం కాదు. నిలువెత్తు కాడ మీద చేటలంత ఆకులు విప్పుకుని పెరట్లో కాపలా కాస్తుంది. తెల్మో కిటికీ దగ్గర నిలబడ్డాడు. కాదు, నిలబడలేదు. కిటికీ నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి తలుపుకి నడుస్తున్నాడు. బల్ల మీద ఫోను మోగి మోగి ఆగుతోంది, మళ్లీ మోగుతోంది. ఏజెంటు.

"కూర్చోరా," అంది వాళ్లమ్మ.

"కూర్చోను."

"నిన్నట్నుంచీ కూర్చోలేదు వీడు. నిలబడే తిన్నాడు. గుర్రమనుకుంటున్నాడు," అని నాతో అంది. అంతలోనే నా చేతిలో సంచీ చూసి, "అదేంటన్నా?"

సంచీలో మా గోల్‌కీపర్ మోకాళ్లకి తొడుక్కునే మెత్తలు ఉన్నాయి. స్పాంజివి, దళసరివి. ఇద్దరికీ మధ్య రాజీ కుదురుస్తాయని పట్టుకెళ్లాను. బల్ల మీద పెట్టాను.

ఆవిడ కత్తి మొనతో ఒకదాన్ని ఇటూ అటూ పొర్లించి చూసింది. "మాతకి స్పాంజి మొక్కలేదు నేను. మోకాళ్లు మొక్కాను."

"అబీలియు ఫాదరుని పొద్దున కలిశానే. మొక్కు మొక్కినవాళ్లనే పడుతుందిట, పక్కవాణ్ణి పట్టదుట. కావాలంటే మైనంతో కాలు పోయించి గుడిలో పెడితే సరిపోతుందన్నాడు. కాలు కూడా మంచిది దొరుకుతుంది, వేళ్లతో సహా."

"ఆయన కొండల్లో పుట్టినవాడు. ఆయనకి చేపంటే డబ్బాలోంచి వస్తుంది. మాత సంగతి ఆయనకేం తెలుసు?" అని తరగడం మొదలెట్టింది. "ఆ మాటకొస్తే నీతో నాకో పేచీ ఉంది. నీ కుందేళ్లు నా పెరట్లో దూరుతున్నాయి. బుధవారం నుంచి నాలుగు ఆకులు పోయాయి. కింద ముదురువి కాదు, నడిమి వరసలో వెడల్పాటివి."

"నా కుందేళ్లు గోడ దూకేవి కావు. వాటికీ నా వయసే."

తెల్మో నవ్వలేదు. మామూలుగా నా మాటకి నవ్వడం వాడికి చిన్నప్పట్నుంచి అలవాటు. కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి చూశాడు. ఈ చూపు వాడి ఆటలోది. బంతి కాళ్ల దగ్గరికి వచ్చేలోపు వెనకాల ఎవడున్నాడో చూసుకోవాలి, లేకపోతే మధ్య వరసలో బతకలేడు. మోకాలు తెగిన దగ్గర్నుంచి వాడికి ఆ చూపు మైదానం దాటి ఇంట్లోకీ వచ్చేసింది. ముద్ద నోట్లో పెట్టేముందు కూడా వెనక్కి చూసుకుంటాడు.

"అమ్మా," అన్నాడు. "నువ్వు ఒక్కసారి సరిగ్గా విను. ఎల్లుండి తొమ్మిదింటికి ముగ్గురు డాక్టర్లు నా మోకాలు చేతుల్లోకి తీసుకుని వంచుతారు, తిప్పుతారు, యంత్రంలో పెడతారు. రేపు నేను రాతి పలకల మీద పాక్కుంటూ తిరిగి వెళ్తే వాళ్లకి అందులో ఏం కనబడుతుంది?"

"భక్తి కనబడుతుంది."

"భక్తికి వాళ్లు సంతకం పెట్టరు."

"పెట్టకపోతే పెట్టరు. ఇక్కడ అన్నం లేదా?"

తెల్మో నడక ఆపేశాడు. "అదీ సంగతి. మొక్కూ కాదు, మాతా కాదు. నేను వెళ్లడం నీకిష్టం లేదు."

గుడి చుట్టూ ఎంత దూరమో నాకు తెలుసు. అరవై రెండు అడుగులు, నా అడుగుతో. సముద్రం పక్కన ఉప్పుగాలికి గరుకెక్కిన నల్లరాయి. ముసలమ్మలు గుడ్డలు చుట్టుకుని తిరిగినా మూడో చుట్టుకి గుడ్డ ఎర్రబడుతుంది. అతుకేసిన నరం మీద ఆ మూడు చుట్లూ ఏం చేస్తాయో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, మేజోళ్లు ఉతికేవాడు చాలు.

"ఫెలిష్మినా," అన్నాను, "వాడి మోకాలు బాగవ్వాలని మొక్కి, బాగయిన మోకాల్నే రాయికి పెట్టి అరగదీస్తే, మాతకి మాత్రం ఏం బాగుంటుందే? పెళ్లికి కుట్టించిన గౌను పెళ్లిపందిట్లోనే తగలెట్టినట్టుంటుంది."

ఆవిడ కత్తి పక్కన పెట్టింది. తడి చేతులు నడుముకి కట్టుకున్న వంటగుడ్డకి తుడుచుకుంది. ఒక్కొక్క వేలూ, చాలా నిదానంగా. మా చెల్లెలు నోరు తెరవడానికి ఆలస్యం చేసిందంటే భయపడాలి. నా డెబ్భై నాలుగేళ్లలో అలా రెండుసార్లే చూశాను. మొదటిసారి, వాళ్లాయన రెండేళ్లకని లక్సెంబర్గు వెళ్లి ఎనిమిదో ఏడు ఉత్తరం రాసినప్పుడు. రెండోసారి ఇప్పుడు.

"మొక్కింది మోకాలు బాగవ్వాలని కాదు," అంది.

డప్పులు బయట ఆగలేదు. ఆగితే బాగుండునని నాకనిపించింది.

"మోకాలు తెగకముందే మొక్కాను. ముగ్గురు రాజుల పండుగ నాడు, జనవరి ఆరున. గ్రీసు క్లబ్బు వాళ్ల కాగితాలు ఈ బల్ల మీదే ఉన్నాయి, నువ్వు స్నానాల గదిలో పాడుకుంటున్నావు. చిన్నప్పుడెప్పుడో పాడావు అలాగ, మళ్లీ అప్పుడే విన్నాను. ఏడేళ్లు ఊళ్లు పట్టి తిరిగొచ్చి ఏడాది కూడా కాలేదు, మళ్లీ వెళ్లిపోతున్నాడు, పాడుకుంటూ వెళ్లిపోతున్నాడు అనుకున్నాను. శాలువా కప్పుకుని గుడికెళ్లాను. తల్లీ, వీణ్ణి ఎలాగైనా ఇక్కడే ఉంచు, ఉంచితే వీడే వచ్చి నీ చుట్టూ మోకాళ్ల మీద మూడుసార్లు తిరుగుతాడు అన్నాను." ఊపిరి తీసుకుంది. "ఎలాగైనా అన్నానురా. ఆ మాట అనకుండా ఉండాల్సింది. తొమ్మిది రోజులకి, పదిహేనో తారీఖు ఆదివారం, నీ మోకాలు తెగింది. ఉన్నావు. ఇక్కడే ఉన్నావు."

తెల్మో గోడకి ఆనుకున్నాడు. బల్ల మీద ఫోను మళ్లీ మోగింది. వాడు దానికేసి చూసిన చూపు, అదేదో ఎవరింట్లోదో పొరపాటున ఇక్కడికొచ్చి మోగుతున్నట్టు ఉంది.

"ఏడాదిన్నర," అన్నాడు చివరికి. "ఏడాదిన్నరగా ఆ ఒక్క బంతి నా కళ్లలోంచి పోలేదు. అంతకుముందు ప్రతిసారీ వెనక్కి చూశాను, ఆ ఒక్కసారి చూడలేదు. ఎందుకు చూడలేదు, ఎందుకు చూడలేదు అని నన్ను నేను తిట్టుకుంటూ పడుకుంటున్నాను, తిట్టుకుంటూ లేస్తున్నాను. నువ్వేమో ఇక్కడ మాతతో బేరం పెట్టావు. నా కాళ్ల మీద."

"అవును."

"కాదని చెప్పొచ్చు కదే. ఒక్క ముక్క కాదను."

"కాదని ఎలా అంటాను? ఆవిడ వింటోంది." వేలు కిటికీ వైపు చూపించింది. కిటికీలోంచి గుడి గంట కొస కనబడుతుంది. "అందుకే చెబుతున్నాను. ఆవిడ నేనడిగింది ఇచ్చింది. తన పద్ధతిలో ఇచ్చింది. ఇప్పుడు మొక్కు ఎగ్గొట్టి నువ్వు బండెక్కావనుకో, ఈసారి మోకాలితో వదిలిపెడుతుందా? వెళ్లొద్దని అనడం లేదురా. వెళ్లు. ముందు ఆవిడకివ్వాల్సింది ఇచ్చి వెళ్లు."

ఇంతకీ నేను పట్టుదలనుకున్నది పట్టుదల కాదు, భయం. కొడుకు కాలు తన నోటితో తనే విరగ్గొట్టానని ఏడాదిన్నరగా నమ్ముతోంది. నమ్ముతూనే రోజూ వాడికి పులుసు కాచింది, కర్రలు అందించింది, మెట్లు దింపింది. ఎవరికీ చెప్పలేదు. అన్నని, నాకూ చెప్పలేదు.

అప్పుడావిడ నావైపు తిరిగింది.

"అన్నా, నువ్వు ఆ రోజుల్లో వీడి బట్టలు ఉతికావు. మేజోడు చూసి కాలు చెబుతానని ఊరంతా చాటుకుంటావు. ఇప్పుడు చెప్పు, నవ్వులాటకి కాదు. ముగ్గురు రాజుల పండుగ నాటికి వీడి మోకాలు బాగుందా? బాగున్న మోకాల్నే ఆవిడ తీసుకుందా?"

బాగుందని అంటే, మా చెల్లెలు ఆ బరువు గోతిలోకి కూడా మోసుకుపోతుంది, మేనల్లుడు రేపు రాళ్లమీద పాకుతాడు. నా కళ్లు ఎటు పోవాలో తెలియక బల్ల మీద పడ్డాయి. అక్కడ క్యాబేజీ ఆకులున్నాయి. మిగతా పని నా నోరే చూసుకుంది.

"బాగాలేదు," అన్నాను. "జనవరి రెండో తారీఖునే బాగాలేదు. కొత్త సంవత్సరం మర్నాడు సాధన అయింది. కుడి మేజోడు తిరగేశాను. లోపల్నించి క్యాబేజీ ఆకు ఊడిపడింది. వాపు మోకాలికి కట్టుకునే ఆకు. కాలి వేడికి ఉడికిపోయి, నల్లబడి ఉంది. నీ పెరటి ఆకే."

"నా పెరటిదని నీకెలా తెలుసు?"

"నిండా చిల్లులున్నాయి. ఊళ్లో పురుగు మేసేదాకా ఆకులు కొయ్యనిది నువ్వొక్కదానివే."

ఆవిడకి కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే నమ్మిందన్నమాట. అబద్ధానికి ఇంత తిట్టు కలిపితే నిజం కన్నా గట్టిగా నిలబడుతుంది. ఇది నేను బడిలో నేర్చుకున్నది కాదు. బడిలో నేర్చుకున్నవన్నీ మర్చిపోయాను.

"నాకెందుకు చెప్పలేదు అప్పుడు?"

"వీడు ఒట్టేయించుకున్నాడు. గ్రీసు వాళ్లకి తెలిస్తే కాగితాలు చించేస్తారని."

ఫెలిష్మినా కొడుకు మొహంలోకి చూసింది. "నిజమేనా?"

తెల్మో కదలకుండా నిలబడ్డాడు. మధ్యాహ్నం నుంచీ కదలకుండా నిలబడడం అదే మొదటిసారి. మొహంలో నెత్తురు లేదు. నావైపు చూస్తున్నాడు, ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు. కుడి భుజం మీదుగా చూశాడు, ఎడమ భుజం మీదుగా చూశాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నిజమే అమ్మా," అన్నాడు.

ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది. వేళ్ల మీద లెక్క పెట్టింది. రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. మళ్లీ మొదట్నించి పెట్టింది.

"అయితే ఆవిడ కాదు," అంది.

"కాదు," అన్నాను.

"ఏడాదిన్నరగా గుడిలో తలుపు పక్కనే నిలబడి వచ్చేస్తున్నానన్నా. ఆవిడ మొహంలోకి చూడలేదు. పాపం, ఏమనుకుందో." మొహం తుడుచుకుంది. క్యాబేజీ చేతులతో తుడుచుకుంది కాబట్టి బుగ్గ మీద ఆకుపచ్చ మరక పడింది. లేచింది. ఆవిడ లేచిన తీరులో పదేళ్లు తగ్గాయి.

"ఫాదరన్న మాట నిజమే. మొక్కు నాది, నా మోకాళ్లే తిరుగుతాయి. రేపు పదిగంటలకి నేనే తిరుగుతాను."

"అమ్మా, వద్దు," అన్నాడు తెల్మో. ఎందుకో చాలా కంగారుగా అన్నాడు. "నేను తిరుగుతాను. నాదేం పోయింది, మూడు చుట్లే కదా."

"నువ్వా? ఇందాకటిదాకా ఏమన్నావు? నోరు ముయ్యి. వాపు కాలితో గ్రీసు వెళ్దామనుకున్న మొహం నువ్వూను. రేపు నీ మోకాలు ఆ రాయిని తాకిందంటే, మా అమ్మ సమాధి మీద ఒట్టు, నేను గుడి మెట్ల మీదే పడి ప్రాణం తీసుకుంటాను. శుభ్రమైన మోకాళ్లతో డాక్టర్ల దగ్గరికి వెళ్లు." నావైపు చెయ్యి చాచింది. "అన్నా, ఆ మెత్తలు ఇటివ్వు."

"మాతకి స్పాంజి పనికిరాదన్నావు."

"నాకు అరవై ఒకటి. నా వయసుకి ఒప్పుకుంటుంది." వాటిని వంటగుడ్డలో చుట్టుకుని, పులుసు గిన్నె మూత తీసి, ఆఖరి ప్రశ్న ఆవిరిలోంచి అడిగింది. "మరి ఈ వారం మేజోడు ఏం చెబుతోంది?"

"నిక్షేపంలా ఉంది," అన్నాను, రొమ్ము విరుచుకుని. "కొత్త మోకాలు. ముప్పై అయిదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు."

తెల్మో ఫోను తీసుకుని, పులుసు ముట్టకుండా బయటికి వెళ్లిపోయాడు.

నేను రెండు గిన్నెలు తాగి, బొద్దుగా పొంగే మా మొక్కజొన్నరొట్టె తిని, చెల్లెలి చేత నాలుగు మంచి మాటలనిపించుకుని మైదానానికి బయల్దేరాను. దారంతా కాగితం పూలు కడుతున్నారు, ఎవడో పట్టపగలే తారాజువ్వ వదిలాడు. నా మనసు మాత్రం కుదురుగా లేదు. మంచి అబద్ధం ఆడిన తర్వాత మామూలుగా నాకు ఆకలేస్తుంది. ఆ రోజు కడుపు నిండా తిన్నాక కూడా ఏదో వెలితి.

ఇక్కడ ఆ మొదటి గొప్ప సంగతి తేల్చేస్తాను. మేజోడుకి కుడి ఎడమలుండవు. కావాలంటే మీ ఇంట్లోవే చూసుకోండి. పైగా మా క్లబ్బుకి ఇరవై ఏడేళ్ల కిందటే ఉతికే యంత్రం వచ్చింది. నలభై నాలుగు మేజోళ్లు ఒకేసారి వేస్తాను, ఒకేసారి తీస్తాను, ఏది ఎవడిదో మాతకి తెలియాలి. అంతెందుకు, పదిహేనో తారీఖు ఆదివారం తెల్మో పడిపోయినప్పుడు, ఐసు సంచీ పట్టుకుని మైదానంలోకి మొదట పరిగెత్తినవాణ్ణి నేనే. పరిగెత్తి ఎడమ మోకాలికి పెట్టాను. పాపం వాడు నొప్పితో మెలికలు తిరుగుతూనే, అది కాదు మామా, అని రెండోది చూపించాడు. ఆ సెంటర్ ఫార్వర్డ్ పెళ్లి శుభలేఖ కూడా నాకు ముందే అందింది. ఇదీ నా విద్య. దీన్ని నమ్ముకునే ఇందాక మా చెల్లెలు కొడుకుని లిస్బన్ పంపడానికి ఒప్పుకుంది.

బట్టల గదిలో యంత్రం ఆన్ చేసి కూర్చున్నానో లేదో, తలుపు తోసుకుని తెల్మో వచ్చాడు. లోపల్నించి గడియ పెట్టాడు.

"నీకెవరు చెప్పారు మామా?"

"ఏం చెప్పారు?"

"ఆకు సంగతి."

నేను నవ్వాను. "ఎవరూ చెప్పలేదురా పిచ్చోడా. మీ అమ్మ మనసు కాస్త తేలికవుతుందని అప్పటికప్పుడు అల్లాను. నువ్వు కూడా భలే అందుకున్నావు, రుమేనియాలో నాటకాలు గానీ నేర్పారా?"

వాడు నవ్వలేదు. "జనవరిలో నా మోకాలు ఉక్కులా ఉండేది. దానికేమీ లేదు, ఆకూ లేదు. నువ్వు నన్ను చూశావనుకున్నాను. చూసి, అమ్మ ముందు నాకు వినబడేలా అంటున్నావనుకున్నాను. అందుకే భయపడి నిజమే అన్నాను."

"ఎక్కడ చూశానురా?"

"కూర్చోలేను మామా," అన్నాడు. నేను చూపించిన బెంచీకేసి అలాగే చూస్తూ, "వంగడం లేదు," అన్నాడు.

కిటికీ నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి తలుపుకి ఎందుకు నడిచాడో అప్పుడర్థమైంది. నిన్నట్నుంచీ నిలబడి తిన్నాడని తల్లి చెప్పనే చెప్పింది. నడిమి వరసలో నాలుగు వెడల్పాటి ఆకులు పోయాయనీ చెప్పింది. మేజోళ్లు చూసి కాళ్లు చదివే మొనగాణ్ణి, ఎదురుగా ఉన్న కాలు చూడలేకపోయాను.

తెల్మో నిలబడే కుడి కాలి ప్యాంటు పైకి లాగాడు. మోకాలికి కట్టు. విప్పాడు. రెండు ఆకులు, ఒకదాని మీద ఒకటి, ఈనెలు రోకటితో నలగ్గొట్టి. వాటి కింద మోకాలు మా మొక్కజొన్నరొట్టెలా పొంగి ఉంది.

"బుధవారం సాధనలో తిరగబడింది. తెగిందో లేదో తెలియదు. తెలుసుకోవాలని లేదు," అన్నాడు. "డాక్టరుకి చూపిస్తే సాయంత్రానికి లిస్బన్‌కి తెలుస్తుంది. ఆకు కడితే తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. నిన్న అమ్మ ఆ మొక్కు గురించి చెప్పినప్పుడు మొదట మండిపోయింది. తర్వాత ఇందాక, నువ్వు నోరు తెరవడానికి ఒక్క నిమిషం ముందు, దారి దొరికింది మామా."

"ఏం దారి?"

"రేపు పళ్లు బిగించి వంచైనా సరే మూడు చుట్లూ తిరుగుతాను. ఊరంతా చూస్తుంది, ఎవడో ఒకడు ఫోనులో వీడియో తీస్తాడు. ఎల్లుండి డాక్టర్లు ఇదేంటి ఇలా వాచిందంటే, మొక్కు తీర్చుకున్నానంటాను. వాళ్లూ ఈ దేశంలో పుట్టినవాళ్లే, వాళ్లకీ అమ్మలున్నారు. ఒక వారం ఆగి మళ్లీ చూద్దామంటారు. భక్తి కనబడుతుందని అమ్మే అంది కదా." గొంతు తగ్గించాడు. "వారంలో వాపు దిగుతుంది. కానీ నువ్వు ఆ ఆకు కథ చెప్పి మొక్కు నా మీంచి తీసేశావు. అమ్మ ఒట్టు కూడా పెట్టింది."

"మూడు చుట్లు తిరిగితే, అది ఇప్పటిదాకా తెగకపోయినా తెగుతుందిరా."

"తిరక్కపోతే ఎలాగూ ఎల్లుండి తెగినట్టే." ఆకులు నా చేతిలో పెట్టాడు. "వెళ్లు మామా. ఇప్పుడే వెళ్లి, అబద్ధమాడానని చెప్పు. జనవరిలో వీడి మోకాలు నిక్షేపంలా ఉందని చెప్పు."

అంటే, నువ్వే విరగ్గొట్టావమ్మా అని నా చెల్లెలికి చెప్పాలి. ఏడాదిన్నర తర్వాత ఇవాళే ఆవిడ మాత మొహంలోకి చూడబోతోంది. చెప్పకపోతే, ఈ ఒక్క సంతకం కోసం ఆరు క్లబ్బులు తిరిగినవాడు ఎల్లుండి ముగ్గురు డాక్టర్ల ముందు ఒంటరిగా నిలబడాలి, అదీ నా మాట నమ్మిన తల్లి దీవెన తీసుకుని.

యంత్రంలో నలభై నాలుగు మేజోళ్లు గిర్రున తిరుగుతున్నాయి. ఒక్కటీ ఏమీ చెప్పడం లేదు. గుడి వైపు నుంచి సాయంకాలం ప్రార్థనకి మొదటి గంట వినబడింది. ఫెలిష్మినా ఈపాటికి శాలువా కప్పుకుని బయల్దేరి ఉంటుంది.

తెల్మో గడియ తీసి, తలుపు బార్లా తెరిచి, నా కోసం పట్టుకుని నిలబడ్డాడు.

మిమ్మల్ని మోసం చేయడం నాకిష్టం లేదు కాబట్టి చెప్పేస్తున్నాను. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, జనవరి ఆకు. ఆగస్టు ఆకు మాత్రం నా అరచేతిలో ఉంది, ఇంకా వెచ్చగా ఉంది.